కుందేళ్ళ కోసం కట్టిన క్యూ

ఎలోయినా గొంతు గురించి వంతెన దగ్గర ఇప్పటికీ చెప్పుకుంటారు. పసుపు చొక్కా, పసుపు ప్యాంటు వేసుకుని రోడ్డు మధ్యకొచ్చి, చెయ్యి అడ్డంగా చాచి, "ఖాళీ ఎంత?" అని ఆవిడ ఒక్క కేక వేస్తే డ్రైవరు కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయేది. సర్కారు నంబరు వేసుకుని ఖాళీ సీటుతో పోయే బండి ఏదైనా సరే, పసుపు చొక్కా వాళ్ళు చెయ్యెత్తితే ఆగాలి, దారిలో నిలబడ్డ జనాన్ని ఎక్కించుకోవాలి. బస్సుల్ని నమ్ముకుంటే తెల్లారని దేశం కనుక అలాంటి ఉద్యోగం ఒకటి పుట్టింది. సాంతా క్లారా పోయే రోడ్డు మీద, ఊరి చివర వంతెన దగ్గర, ఎలోయినా ఆ ఉద్యోగం ఇరవై మూడేళ్ళు చేసింది.

చేసిందంటే అలా ఇలా కాదు. నెలలు నిండిన ఆడవాళ్ళు ముందు, రోగులు ఆ తర్వాత, బడిపంతుళ్ళు ఆ తర్వాత. ఎంత పెద్దమనిషి బంధువు వచ్చి నిలబడినా ఆ వరస తప్పేది కాదు. పెళ్ళి కేకు చేతుల్లో పట్టుకుని వచ్చినవాళ్ళకి సీటు వెతికి మరీ ఇచ్చేది. జీవాలతో వచ్చినవాళ్ళని మాత్రం తాతలు దిగివచ్చినా ఎక్కించేది కాదు. ఒకసారి ఒకాయన పందిపిల్లకి టోపీ పెట్టి, తువ్వాలు చుట్టి, మా అమ్మాయండీ అని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. ఎలోయినా వంగి చూసి, "అచ్చం మీ పోలికే. దిగండి, ఇద్దరూ" అంది. ఆ మాట ఊరంతా ఏడాది పాటు చెప్పుకుని నవ్వుకుంది.

ఇంకో సంగతి. అన్ని వేలమందిని బండ్లెక్కించిన మనిషి తన కోసం ఒక్క బండి ఆపుకోలేదు. ఇల్లు అక్కడికి మూడు కిలోమీటర్లు. నడిచి వచ్చేది, నడిచి పోయేది. ఇదేం పిచ్చి అంటే, "నా కోసం నేను చెయ్యెత్తితే రేపు నా చెయ్యి చూసి ఆగేదెవడు?" అనేది. మొండిఘటం. అయితే ఆ మొండితనమే ఆ వంతెన దగ్గర న్యాయం.

ఉద్యోగం దిగిపోయిన రోజున తోటివాళ్ళు రెండు కుందేళ్ళు ఇచ్చారు. అక్కడ అలాంటి కానుకలు తినేవే ఉంటాయి. గోడ గడియారం ఇస్తే నంజుకోవడానికి కూడా పనికిరాదు. ఎలోయినా ఆ సాయంత్రమే కత్తి నూరింది. నూరి పెరట్లోకి వెళ్ళింది. పావుగంట తర్వాత తిరిగొచ్చి నల్ల చిక్కుడు గింజలు, అన్నం తిని పడుకుంది. మర్నాడూ అంతే. పండగకి చూద్దాం అంది, పండగ వెళ్ళింది. పుట్టినరోజుకి చూద్దాం అంది, అదీ వెళ్ళింది. మూడో ఏటికి అనడం కూడా మానేసింది. వెనక కాలితో నేలని దబదబా కొట్టే మగదానికి డోలు పేరు మీద బోంగో అని, ఎండు మొక్కజొన్న పొత్తుల్ని గలగలలాడించే ఆడదానికి గిలక్కాయ పేరు మీద మరాకా అని పేర్లు కూడా పెట్టేసింది. మొగుడు ఎప్పుడో వేరే ఊళ్ళో వేరే సంసారం చూసుకున్నాడు. అతను వెళ్ళిపోయినప్పుడు ఇల్లు ఖాళీ అయినట్టు ఆవిడకి అనిపించలేదు కానీ, ఈ రెండూ వచ్చాక నిండినట్టు మాత్రం అనిపించింది.

ఒక గురువారం పొద్దున బోంగో మూలన ముడుచుకుని కూర్చుంది. రాత్రి వేసిన ఆకు వేసినట్టే ఉంది. పళ్ళు పటపటా కొరుకుతోంది. దాని గూటి కింద చూస్తే ఒక్క పెంటిక లేదు. ఎలోయినా పక్కింటికి పరుగెత్తి, సాంతా క్లారాలో పశువుల డాక్టరు అమౌరీకి ఫోన్ చేయించుకుంది.

"నిన్న సాయంత్రం నుంచీ తిండి లేదా?" అన్నాడు డాక్టరు. "అయితే ఇవాళే తీసుకురండమ్మా. కుందేలు పేగు ఆగిపోయిందంటే రేపటిదాకా ఉండదు. రెంటినీ తెండి, విడదీయకండి. పన్నెండుకి నన్ను పాడి ఫారాలకి తీసుకెళ్ళే జీపు వస్తుంది. నేను వెళ్తే మళ్ళీ సోమవారమే."

"పన్నెండులోపు వస్తాను బాబూ" అని ఫోను పెట్టేసింది. ఎలా వస్తుందో ఆవిడకే తెలియదు. సాంతా క్లారా ముప్పై కిలోమీటర్లు. బస్సు ముఖం చూసి నాలుగు రోజులైంది. అప్పటికి ఎనిమిదిన్నర.

జామపళ్ళ చెక్కపెట్టెలో గడ్డి పరిచి, రెంటినీ అందులో పెట్టింది. సీసాలో నీళ్ళు గడ్డకట్టించినది ఒకటి ఉంటే, పాత మేజోడులో దూర్చి వాటి పక్కన పడుకోబెట్టింది, ఎండకి అవి తట్టుకోలేవు. మీద పొయ్యి ఊచల పలక మూసి, తడి తువ్వాలు కప్పింది. సందు చివర తిబుర్సియో గుర్రబ్బండి దొరికింది. వంతెన దాకా అతనే గతి.

"దీన్ని డాక్టరుకి చూపించడమేంటి ఎలోయినా?" అన్నాడు తిబుర్సియో, పెట్టెలోకి తొంగి చూసి. "మా ఆవిడకి చూపించు. నాలుగు ఉల్లిపాయలేసి అరగంటలో నయం చేస్తది."

"ముప్పై ఏళ్ళయింది, మీ ఆవిడ నిన్నే నయం చెయ్యలేకపోయింది. ముందు చూసి తోలు. గుంటలు తప్పించు."

వంతెన దగ్గర దిగేసరికి తొమ్మిదిన్నర కావస్తోంది. ఇప్పుడక్కడ పసుపు చొక్కాలో ఉండేది యామిలే. ఇరవయ్యారేళ్ళ పిల్ల. చెయ్యి ఎంత ఎత్తులో పెట్టాలో, డ్రైవరు అబద్ధమాడితే కళ్ళలో ఏం కనబడుతుందో, అన్నీ ఎలోయినాయే నేర్పింది. పిల్ల పెద్దావిణ్ణి చూసి ముఖం చాటంత చేసుకుంది. తర్వాత పెట్టె చూసింది.

"ఏంటి మేడమ్ అందులో?"

"కుందేళ్ళు. ఒకదానికి బాలేదు. పన్నెండులోపు సాంతా క్లారా చేరాలి."

యామిలే పెదవి కొరుక్కుంది. "మేడమ్... జీవాల్ని ఎక్కించకూడదు కదా."

"ఎవరు చెప్పారే నీకా మాట?"

"మీరే. మొదటి రోజే. అమ్మ కోడిని పట్టుకొచ్చినా, అమ్మనెక్కించు, కోడిని దించు అన్నారు."

ఎలోయినా పెట్టె కింద దించింది. కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ ఎవరి మీద పడాలో దానికి తెలియలేదు. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఒక్క మాట గట్టిగా అంటే రూలు పక్కన పెట్టేసేలా ఉంది. ఆ ఒక్క మాట ఎలోయినా అనలేకపోయింది. "బాగా నేర్చుకున్నావు" అని పెట్టె ఎత్తుకుని, యాభై అడుగులు అవతల రోడ్డు పక్క చెట్టు నీడలోకి నడిచింది. ఏ సొంత బండివాడో దయతలచి ఆగకపోతాడా అని.

సొంత బండ్లు వచ్చాయి, పోయాయి. ఒకటి చంటిపిల్లలతో కిక్కిరిసి ఉంది, ఒకటి ఆగనే లేదు. ఎలోయినా ఊచల సందులోంచి వేలు పెట్టి బోంగో పొట్ట నిమురుతూ నిలబడింది. పొట్ట రాయిలా ఉంది. మరాకా దాన్ని ఆనుకుని కూర్చుంది.

అప్పుడొచ్చింది ఫేలా. బొద్దుగా, జుట్టు ఉంగరాలు తిరగడానికి గొట్టాలు చుట్టుకుని, చేతిలో సంచి పట్టుకుని రోడ్డు వెంట పోతున్న ఆవిడ, ఎలోయినా నిలబడిన తీరు చూసి ఆగింది.

"చివర ఎవరు?" అంది.

ఆ దేశంలో ఆ ప్రశ్నకి పుట్టుకతోనే జవాబు వచ్చేస్తుంది. నలుగురు నిలబడిన ప్రతి చోటా చివర ఎవరో అడగాలి, చివరివాళ్ళు చెప్పాలి, అంతటితో చోటు ఖాయం. ఆ తర్వాత నీడన కూర్చున్నా ఫర్వాలేదు, ఇంటికెళ్ళి వచ్చినా ఫర్వాలేదు. ఈవిడా బండి కోసమే వచ్చింది కాబోలనుకుని, బోంగో మీదే ధ్యాసంతా ఉన్న ఎలోయినా, "నేనే" అనేసింది.

"అయితే నీ వెనక నేను" అని ఫేలా సంచి కింద పెట్టింది. దేనికి నిలబడిందో అడగలేదు. ముందు చోటు పట్టుకోవాలి, దేనికన్నది తర్వాతైనా తెలుస్తుంది. అలా కాక ముందు వివరాలు కనుక్కుంటూ కూర్చున్నవాళ్ళు ఖాళీ సంచితో ఇంటికి పోయారు, ప్రతిసారీ.

రెండు నిమిషాల్లో సైకిలాయన ఒకడు, ఆ వెనక అక్కాచెల్లెళ్ళిద్దరు, ఆ వెనక గడ్డి టోపీ పెద్దాయన. అరగంట గడిచేసరికి ముప్పైమంది. యామిలే క్యూలోంచి కూడా ఇద్దరు ఇటు జారుకున్నారు. ఎలోయినా తల ఎత్తి చూసి, ఇంతమందీ బండికే అయితే ఇక నాకేం దొరుకుతుందని దిగులుపడింది. ఈలోగా ఫేలా తువ్వాలు అంచు ఎత్తి చూసింది.

"అమ్మో, కుందేళ్ళు! మనిషికి ఎన్ని ఇస్తారు?"

ఇక చూడాలి. కుందేళ్ళంట అన్న మాట క్యూ చివరిదాకా పోయి, లారీ నిండా కుందేళ్ళంట అయి వెనక్కొచ్చింది. ఒకాయన వాళ్ళావిడ కోసం ఇంకో చోటు పట్టాడు. ఒకావిడ అతనితో తగువేసుకుంది.

"ఇవి అమ్మకానికి కాదండీ" అంది ఎలోయినా. "డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నా."

ఫేలా ఆవిణ్ణి ఎగాదిగా చూసి కన్ను కొట్టింది. "అర్థమైందిలే బంగారం. నీవి నువ్వు ముందే పక్కన పెట్టుకున్నావు. నేనెవరికీ చెప్పను."

పదకొండు దాటింది. పాత లాడా కారు ఒకటి వంతెన దిగి, ఇంత క్యూని చూసి మందగించి, చెట్టు దగ్గర ఆగింది. వెనక సీటు సగం దాకా రంగు డబ్బాలు. డ్రైవరు దిగాడు. ఏదో ఆఫీసు డ్రైవరు, పేరు ఆల్సీదెస్, సన్నగా మీసం, చంకలో ఒక పొట్లం. "ఏమిస్తున్నారిక్కడ?" అని అడిగాడు.

"కుందేళ్ళు. చివర ఆ ఎర్ర గొడుగావిడ."

అతను తాళంచెవులు జేబులో వేసుకుని, పోయి ఎర్ర గొడుగావిడ వెనక నిలబడ్డాడు. ఎలోయినా చూపు కారు నంబరు మీద పడింది. సర్కారు నంబరు. ముందు సీటు ఖాళీ, వెనక ఒక మనిషికి చోటు. మూతి సాంతా క్లారా వైపే ఉంది.

ఆవిడ చెయ్యి దానంతటదే భుజం దాకా లేచి, మళ్ళీ దిగింది. ఒంటి మీద పసుపు చొక్కా లేదు. పక్కన జీవాలున్నాయి. ఇరవై మూడేళ్ళు ఎంతమందిని ఇలాగే రోడ్డు పక్కన నిలబెట్టి బండ్లని పొమ్మందో, వాళ్ళ సంచుల్లో ఏ ప్రాణం ఎంత ముద్దుదో ఏనాడూ అడగలేదని ఆ క్షణాన తట్టింది. సిగ్గేసింది. కానీ బోంగో పళ్ళు కొరకడం కూడా మానేసి కళ్ళు సగం మూసేసింది. ఇక సిగ్గుకి వేళ లేదు.

"నాకు ఆ కారు కావాలి!" అంది ఎలోయినా.

పాత కేకే, కానీ మధ్యలో జీరబోయింది. ముప్పైమందీ తిరిగి చూశారు.

"ఇవి అమ్మేవి కావు. లారీ లేదు, ఏమీ లేదు. ఇది నా బోంగో. నిన్నటి నుంచి ముద్ద ముట్టలేదు. పన్నెండులోపు డాక్టరు చూడకపోతే చచ్చిపోతుంది. ఇంట్లో ఉండేది నేనూ, ఇవి రెండూ. మీకు దణ్ణం పెడతా, నన్ను ఆ కారెక్కించండి."

నవ్వులూ గొణుగుళ్ళూ కలిసి పేలాయి.

"గంట నుంచి ఎండలో నిలబెట్టి ఇప్పుడు చెప్తావా?"

"కుందేలుకి డాక్టరంట! నా పన్ను నొప్పికి డాక్టరు దొరక్క నెలైంది!"

"నోళ్ళు మూయండి!" అంది ఫేలా. నడుం మీద చేతులు పెట్టుకుని క్యూ మొత్తానికీ ఎదురుగా నిలబడింది. "క్యూ ఉందా, లేదా?"

"ఉంది" అన్నారు.

"క్యూకి వచ్చిందేంటి?"

"ఏదీ, ఏమీ రాలేదే!"

"కళ్ళు లేవా? కారు రాలా? క్యూ కట్టాం, కారొచ్చింది. కుందేళ్ళే రావాలని రాసిపెట్టుందా? నిన్న రొట్టెకి నిలబడితే సబ్బు రాలా? ముందున్నదెవరు?"

"ఆవిడ."

"రెండోది?"

"నువ్వు."

"అంతే మరి. రెండు సీట్లు, ఇద్దరు మనుషులు. మీ వంతు వచ్చినప్పుడు నేనేమైనా అడ్డొచ్చానా?"

క్యూ న్యాయం క్యూ న్యాయమే. గడ్డి టోపీ పెద్దాయన తల ఊపాడు, సైకిలాయన పెట్టె అందుకున్నాడు. ఆల్సీదెస్ మాత్రం పరుగెత్తుకొచ్చాడు. అప్పుడే ఇటొచ్చిన యామిలేని చూసి అతనికి ప్రాణం లేచొచ్చింది.

"నువ్వే చెప్పు తల్లీ! సర్కారు బండిలో జీవాల్ని ఎక్కించకూడదని రూలుందా, లేదా?"

"ఉంది. నా క్యూలో" అంది యామిలే. "ఇది నా క్యూ కాదు. నాది ఆ వంతెన దగ్గరుంది, చూడండి. అవునూ, డ్యూటీ టైములో సర్కారు కారు పక్కకి పెట్టి కుందేళ్ళ కోసం నిలబడింది మీరే కదూ? పేరేమన్నారు?"

ఆల్సీదెస్ గబగబా తలుపు తీశాడు. యామిలే పెట్టె మీద తువ్వాలు సర్ది, "తగ్గాక కబురు పెట్టండి మేడమ్" అంది. ఎలోయినా ఆ పిల్ల బుగ్గ మీద చెయ్యి వేసింది. అంతకు మించి టైము లేదు.

కారు రెండు ఊళ్ళు దాటాక ఫేలా డబ్బాల మధ్య సర్దుకుని, "ఇంతకీ ఎక్కడికి పోతున్నాం?" అంది.

"సాంతా క్లారాకి."

"సాంతా క్లారానా! ఓరి నాయనో! నేను రొట్టెకని బయల్దేరాను కదా! మా ఆయన కాఫీ పెట్టుకుని కూర్చుని ఉంటాడు!"

"మరి కారెందుకెక్కావు?" అన్నాడు ఆల్సీదెస్.

"ఇదేం ప్రశ్న? నా వంతొచ్చింది!"

ఆల్సీదెస్ దారి పొడుగునా సణిగాడు. పెయింటు పదకొండున్నరకల్లా చేరాలట, సీటు మీద ఒక్క వెంట్రుక కనబడినా పై ఆయన ఊరుకోడట. ఎలోయినా ఏమీ వినలేదు. పెట్టెలో చెయ్యి పెట్టి పొట్ట నిమురుతూ, "ఇంకాస్త నాన్నా, ఇంకాస్త" అంటోంది. అది విని విని ఆల్సీదెస్ సణుగుడు తగ్గింది. గుంట వచ్చిన చోటల్లా కారు నెమ్మది చేశాడు. కొంతసేపటికి, "కుదుపు తగుల్తోందా దానికి?" అని రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అడిగాడు.

ఆసుపత్రి చేరేసరికి పన్నెండుకి ఎనిమిది నిమిషాలు. గేటు దగ్గర జీపు అప్పటికే హారన్ కొడుతోంది. వరండాలో ఆరు కుక్కలు, ఒక చిలక. ఫేలా అడుగు పెడుతూనే, "చివర ఎవరు?" అని, జవాబు వచ్చేలోపే, "చివర ఎవరైనా సరే, దీనికి ఊపిరి పోతోంది, దారివ్వండి" అని నెట్టుకుంటూ పోయింది. చిలక ఒక్కటే అభ్యంతరం చెప్పింది.

డాక్టరు అమౌరీ ఫారాలకని అప్పటికే రబ్బరు బూట్లు వేసుకున్నాడు. బోంగోని బల్ల మీద పెట్టి పొట్ట తడిమి, చెవి ఆనించి విన్నాడు. సూది మందు ఒకటి వేశాడు. పిండి కలిపిన మందేదో సిరంజితో నోట్లో కొద్దికొద్దిగా పోశాడు. మరాకాని ఎత్తి దాని పక్కనే కూర్చోబెట్టాడు.

"నేను చేసేది చేశానమ్మా. పేగు కదిలి పెంటికలు పడితే బతికినట్టే. పడకపోతే..." అని ఆగాడు.

జీపువాడు మళ్ళీ హారన్ కొట్టాడు. "వస్తున్నా!" అని అరిచాడు డాక్టరు, కదలకుండా. పన్నెండు కొట్టింది. పన్నెండుంపావు. ఎలోయినా వంగి, పొట్ట మీద రెండు వేళ్ళతో గుండ్రంగా రుద్దుతూనే ఉంది. నడుం పట్టేసినా లేవలేదు. ఫేలా నోరు మూసుకుని ఉంది, ఇది ఆవిడ జీవితంలో కొత్త. ఆల్సీదెస్ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"మీరు వెళ్ళాలి కదా బాబూ, పెయింటు" అంది ఎలోయినా తల తిప్పకుండా.

"పెయింటుకేం, అది చచ్చిపోదు" అన్నాడు.

పన్నెండూ ఇరవైకి జీపు డ్రైవరు తగువుకని లోపలికొచ్చాడు. "డాక్టరుగారూ, అక్కడ నలభై ఆవులు..." అని మొదలుపెట్టి, నలుగురూ ఒక కుందేలు వెనకవైపు కళ్ళార్పకుండా చూస్తుండటం చూసి ఆగిపోయాడు. ఏమిటో అర్థం కాకపోయినా తనూ చూడటం మొదలుపెట్టాడు.

అప్పుడు బోంగో కాస్త నడుం ఎత్తింది. బల్ల మీద టక్కుమని ఒకటి పడింది. మిరియం గింజంత, ఎండిపోయి. ఇంకొకటి. తర్వాత వరసగా మూడు.

"పడ్డాయి!" అని డాక్టరు బల్ల చరిచాడు. "కదిలింది పేగు!"

ఫేలా వరండాలోకి పరుగెత్తి, "వేసిందీ!" అని కేక పెట్టింది. దేనికో తెలియకపోయినా కుక్కలవాళ్ళు చప్పట్లు కొట్టారు. జీపు డ్రైవరు కూడా కొట్టాడు. ఆల్సీదెస్ మీసం తుడుచుకున్నట్టు నటించి కళ్ళు తుడుచుకున్నాడు. బోంగో ముక్కు ఆడించి, ఎదురుగా ఉన్న ఆకుని వాసన చూసి, చివర కొరికింది.

ఎలోయినా అక్కడే స్టూలు మీద కూలబడి ఏడ్చింది. దాచుకోకుండా, ముక్కు చీదుకుంటూ, చిన్నపిల్లలా.

"ఏమ్మా, నువ్వేమైనా తిన్నావా?" అని అడిగింది ఫేలా.

ఎలోయినా ఆలోచించింది. నిన్న రాత్రి అన్నం తిన్నట్టు గుర్తు. పొద్దున కాఫీ కూడా తాగలేదు. ఆ సంగతి ఇప్పటిదాకా తోచనే లేదు.

ఆల్సీదెస్ చంకలో పొట్లం విప్పాడు. జామ హల్వా పెట్టిన రొట్టె, అతని మధ్యాహ్నం భోజనం. సగానికి తుంచి, పెద్ద సగం ఆవిడ చేతిలో పెట్టాడు. ఎలోయినా ఏడుస్తూనే తింది.